లాజిక్కు క్లాసులో హన్నమ్మ

హన్నమ్మకు కోటు వేసుకున్న మగవాళ్ళంటే లోకువ. అలాగని మర్యాద తప్పే మనిషి కాదు. తిట్టినా చివర ‘అండీ’ చేర్చే తిట్టేది. ఆ ‘అండీ’ దెబ్బకు ఎదుటివాడి కోటూ, తలపాగా, ఎం.ఏ. డిగ్రీ అన్నీ ఊడి కింద పడేవి. పాపం, పడ్డాయని వాళ్ళకు తెలిసేది కాదు.

ఆమెది మండవల్లి దగ్గర కొల్లేటి లంక. మొగుడు కృపానందం విషజ్వరంతో పోయాక, మిషను దొరసాని ఆమెకు చదవడం నేర్పి బైబిలు స్త్రీగా పెట్టుకుంది. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం ఆ పని. హన్నమ్మ తాటిదోనె మీద లంకలన్నీ తిరిగింది. ఎవరైనా వినం పొమ్మంటే గుమ్మం పక్కన చతికిలబడి, వినేదాకా కదిలేది కాదు. ఆ కూర్చోవడమే తర్వాత ఏలూరులో పెద్ద పెద్ద డిగ్రీల వాళ్ళకు ప్రాణం మీదికి తెచ్చింది.

కూతురు ఎలిజబెత్ పెంటపాడు మిషను బడిలో టీచరు. కాలేజీ చదువు చదవాలని ఆ పిల్లకు ఒకటే ఇదిగా ఉండేది. ఆడపిల్లను చేర్చుకునే కాలేజీ చుట్టుపక్కల లేకపోయింది. రెండో కాన్పులో ప్రాణం పోతూ, పెద్దపిల్లను చూపించి, “లిడియానైనా కాలేజీలో చదివించమ్మా” అని ఒక్క మాట అడిగింది. హన్నమ్మ సరేనంది. ఆమె సరేనన్నాక ఇంక దానికి తిరుగులేదు.

లిడియా స్కూలు ఫైనలు ప్యాసయ్యే నాటికి, అంటే 1934లో, ఏలూరులో కాలవగట్టున ఒక ఇంటర్మీడియట్ కాలేజీ ఉండేది. పేరు అడక్కండి, ఇప్పుడది లేదు. వడ్ల వ్యాపారి మేడ ఒకటి అద్దెకు తీసుకుని, కింద బస్తాలుండగానే పైన బల్లలు వేశారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆడపిల్లను చేర్చుకోవడానికి ప్రిన్సిపాలుగారు ఎన్నాళ్ళో ఆలోచించి, చివరికి ఒక షరతు పెట్టారు. పిల్లతో ఇంటి ఆడమనిషి ఒకరు రోజూ రావాలి, క్లాసులో కూడా కూర్చోవాలి.

“కూర్చోవడమే కదండీ” అంది హన్నమ్మ. “నాకు అలవాటే.”

పేటలో ఒక తాటాకు ఇల్లు అద్దెకు తీసుకుని మనవరాలితో దిగిపోయింది. కాలేజీవాళ్ళు ఆమెకు క్లాసులో గుమ్మం పక్కనే ఒక ముక్కాలిపీట వేశారు. ఆమె వెనకాలే లిడియాకు కుర్చీ.

ఆ రోజుల్లో ఆడపిల్ల క్లాసులోకి వెళ్ళడానికి ఒక పద్ధతి ఉండేది. గంట కొట్టగానే మగపిల్లలు వెళ్ళి బల్లల మీద కూర్చుంటారు. ఆడపిల్ల వేరే గదిలో కాచుకుని ఉంటుంది. లెక్చరరుగారు ఆ గది ముందు నుంచి వెళ్తూ ఒకసారి దగ్గుతారు. ఆ దగ్గు విని పిల్ల తల వంచుకుని బయటికొచ్చి, ఆయన వెనకాలే నడిచి లోపలికి వెళ్తుంది. గంటయ్యాక మళ్ళీ ఆయన వెనకాలే బయటికి.

“దగ్గడమేంటే? నీకు పేరు లేదా?” అంది హన్నమ్మ మొదటిరోజే.

“పద్ధతంట అమ్మమ్మా. ఊరుకో” అంది లిడియా.

హాజరు పిలిచేటప్పుడూ పేరుండదు, నంబరే. మొదటిరోజు లిడియా “ప్రెజెంట్ సార్” అంటే వెనక బల్లల కుర్రాళ్ళు సన్నగొంతు పెట్టి వెక్కిరించారు. మర్నాటి నుంచి ఆ నంబరు పిలవగానే హన్నమ్మే “ఉందండీ” అనేది. ఆ గొంతును వెక్కిరించే ధైర్యం కాలేజీ మొత్తంలో ఎవరికీ లేకపోయింది.

అలా హన్నమ్మ కాలేజీ చదువు వినడం మొదలుపెట్టింది. ఒళ్ళో చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ వినేది. ఇంగ్లీషు లెక్చరరుగారు మంచు కురవడం గురించి కళ్ళు మూసుకుని, వణికి, భుజాలు ముడుచుకుని చెప్పేవారు. ఎదురుగా పిల్లల చొక్కాలు ఉక్కకు వీపులకు అతుక్కుపోయి ఉండేవి. హిస్టరీ ఆయన కాస్త తెలుగు కలిపి ఇంగ్లండు రాజు ఒకాయన ఆరుగురు పెళ్ళాల సంగతి మొదలుపెట్టి, ఎంతకీ తేల్చలేకపోయారు.

“మన సొలొమోనుకు ఏడొందలమంది పెళ్ళాలు. బైబిలు ఒక్క వాక్యంలో తేల్చేసింది” అంది హన్నమ్మ ఇంటికొచ్చి. “ఆరుగురికే ఈయన ఇంత ఆపసోపాలు పడుతున్నాడు!”

అందరిలోకీ ఆమెకు మంట పుట్టించింది మాత్రం లాజిక్కు లెక్చరరు శేషగిరిరావుగారు. మద్రాసులో ఎం.ఏ. చదివారు. అక్కడ ఆయన ప్రొఫెసరు చెప్పిన నోట్సు పొల్లు పోకుండా రాసుకొచ్చారు. ఏటా ఆ నోట్సే ఇంగ్లీషులో చదువుతారు, పిల్లలు రాసుకుంటారు. అందులో ఒకచోట ‘ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పవలెను’ అని ఉంటే, ఉదాహరణ చెప్పకుండా ఆ మాటే చదివి రాయించారు. అంతకుముందు ఏడు పరీక్షలో ముగ్గురు పిల్లలు ‘ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పవలెను’ అనే రాసొచ్చారట. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు చూడండి, ఆయన నడక అచ్చం అలాగే ఉండేది. క్లాసయ్యాక ఇంటికెళ్ళి, దొడ్లో నెత్తిన నీళ్ళు పోసుకుంటే గాని వంటింట్లో అడుగు పెట్టేవారు కాదట. క్లాసులో మిషను వాళ్ళున్నారు కదా మరి!

“ఆయన చదువు కూడా అలా అంటుకునేదైతే బావుండును” అంది హన్నమ్మ.

ఆ చదువులో ఏముందని లిడియాను అడిగింది. మనుషులందరూ చనిపోయేవాళ్ళే, రంగయ్య మనిషి, కాబట్టి రంగయ్యా చనిపోతాడు అని ఆ పిల్ల తెలుగు చేసి చెప్పింది.

“ఓసి దీని దుంప తెగ! ఇది తెలుసుకోవడానికి మద్రాసు దాకా వెళ్ళాడా? మా లంకలో కలరా వచ్చిన ఏడు ఒక్కసారి తొంగిచూస్తే సరిపోయేదిగా.”

లిడియా నవ్వింది. “రంగయ్య సంగతి కాదమ్మమ్మా. మొదటి రెండు మాటలూ నువ్వు ఒప్పుకున్నావనుకో, మూడోది ఒప్పుకోక తప్పదు. నువ్వెంత గొప్పదానివైనా సరే తప్పదు. నాకు అదే ఇష్టం.”

హన్నమ్మకు అందులో ఇష్టపడేదేముందో అర్థం కాలేదు. చచ్చేదాకా కాలేదు కూడా. కాని పిల్ల కళ్ళలో వెలుగు కనపడింది. ఎలిజబెత్ కళ్ళు గుర్తొచ్చి నోరు మూసుకుంది.

శేషగిరిరావుగారి ఉద్యోగానికి ఒక చిక్కుంది. లాజిక్కు తీసుకునే పిల్లలుంటేనే ఆ ఉద్యోగం ఉంటుంది. అందుకని ప్రతి వేసవిలోనూ ఆయన తలపాగా సర్దుకుని, దెందులూరు నుంచి మండవల్లి దాకా మోతుబరుల అరుగులెక్కి, మీవాడికి లాజిక్కు చెప్పించండి, మునసబు కోర్టు జడ్జీ అవుతాడు అని ఆశపెట్టి పిల్లల్ని పోగుచేసేవారు. ఆ ఏడు నలుగురు కుర్రాళ్ళు దొరికారు. దసరా సెలవులయ్యేసరికి ఒకడు పెళ్ళి చేసుకుని వ్యవసాయంలో దిగాడు, ఒకడు రంగూను వెళ్ళిపోయాడు, మిగతా ఇద్దరూ బతుకు జీవుడా అని సైన్సులోకి దూకారు. లాజిక్కుకు లిడియా ఒక్కతే మిగిలింది.

సెలవులయ్యాక మొదటిరోజు వరండాలో ఆయన హన్నమ్మను పిలిచారు.

“చూడమ్మా హన్నమ్మా, ఇకనుంచి లాజిక్కు గంటకి మీరు రానక్కర్లేదు. హాజరు నేనే వేసేస్తాను. నోట్సు పంపిస్తాను, పిల్లని రాసుకోమను.”

“మరి పాఠమండీ?”

“ఒక్క ఆడపిల్లకి పాఠమేమిటమ్మా? గదిలో నేనూ, ఆ పిల్లా! నలుగురూ ఏమనుకుంటారు?”

“నేనుంటానుగా అండీ.”

“నువ్వుంటే మాత్రం? నేను ఎవరి వంక చూసి చెప్పేది?”

హన్నమ్మ చేతిలో చాట చంకలోకి సర్దుకుంది. “నా వంక చూసి చెప్పండి.”

ఆయన ఫకాలున నవ్వి, పొడుం పీల్చి వెళ్ళిపోయారు. మర్నాడు లాజిక్కు గంట కొట్టారు. దగ్గు వినపడలేదు. హన్నమ్మ కాసేపు చూసి, లిడియా రెక్క పట్టుకుని, ఎవరి వెనకాలా నడవకుండా తిన్నగా క్లాసులోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. తను పీట మీద కూర్చుంది. ఖాళీ గదిలో ఇద్దరూ గంటసేపు కూర్చున్నారు. ఆ మర్నాడూ అంతే. మూడోరోజుకి ప్రిన్సిపాలుగారి నుంచి పిలుపొచ్చింది. శేషగిరిరావుగారు అక్కడే ఉన్నారు.

“ఏమిటమ్మా ఈ పట్టుదల? హాజరు వేస్తామంటున్నాం కదా” అన్నారు ప్రిన్సిపాలుగారు.

“హాజరు పరీక్ష రాయదు కదండీ, రాయాల్సింది పిల్ల. పాఠం చెప్పమంటే చెప్పనంటున్నారు. సరేలెండి. లాజిక్కులోంచి దాని పేరు తీసేయండి. ఇంటికి తీసుకుపోతాను.”

ఆ మాట అయితే అనేసింది. వాళ్ళు ‘శుభం, తీసుకుపో’ అంటే ఏముంది? ఎలిజబెత్‌కి ఇచ్చిన మాట కాలవలో కలిసిపోయినట్టే. మొహం మాత్రం గచ్చులా పెట్టుకుని నిలబడింది.

ప్రిన్సిపాలుగారు లెక్చరరు వంక చూశారు. లెక్చరరుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఉన్న ఒక్క పిల్లా పోతే ఉద్యోగమూ పోతుంది. అంతవరకు లాజిక్కు ఆయనకూ బాగానే తెలుసు.

“చెబుతాలేమ్మా” అన్నారు పీలగొంతుతో. “నీ వంక చూసే చెబుతాలే.”

అన్నట్టుగానే ఆ రోజు నుంచి హన్నమ్మ వంక చూసి చెప్పడం మొదలుపెట్టారు. మళ్ళీ దగ్గు, మళ్ళీ వెనకాల నడక, మళ్ళీ నంబరు, “ఉందండీ”. తర్వాత నోట్సు తీసి ఇంగ్లీషులో అందుకున్నారు. పేజీ తిప్పగానే హన్నమ్మ చాట పక్కన పెట్టింది.

“అర్థం కాలేదండీ.”

“నీకెందుకమ్మా అర్థం కావడం?”

“మీరు నాకేగా అండీ చెబుతున్నది?”

తెలుగులో చెప్పక తప్పలేదు. చెప్పబోతే తెలిసింది అసలు బండారం. ఇంగ్లీషు తీసేస్తే శేషగిరిరావుగారి దగ్గర మిగిలింది పొడుం డబ్బా ఒక్కటే! ఇన్నేళ్ళుగా రాయిస్తున్న ఆ మాటలకి అర్థమేమిటో ఆయన ఎన్నడూ ఆలోచించి ఎరగరు. నోరు తెరవడం, మూయడం, చెమట తుడుచుకోవడం. “అంటే ఏమిటంటేనమ్మా... అంటే...” అనుకుంటూ వారం గడిచింది. ఆ తర్వాత ఇంటి దగ్గర పుస్తకం తెరవడం మొదలుపెట్టారు. నిజం నిష్ఠూరంగా ఉంటుందిగాని, ఆ రెండేళ్ళలో శేషగిరిరావుగారు కొంచెం లాజిక్కు నేర్చుకున్నారు. ఎం.ఏ. పుచ్చుకున్న ఇన్నాళ్ళకి!

లిడియాకు సందేహం వస్తే ముందుకు వంగి అమ్మమ్మ చెవిలో చెప్పేది. హన్నమ్మ ఆ మాట మోసుకెళ్ళి ఆయనకు అప్పజెప్పేది. ఆయన సమాధానం హన్నమ్మకు చెప్పేవారు. కొత్తకోడలు మామగారితో అత్తగారి చేత మాట్లాడించినట్టు నడిచింది ఆ చదువంతా. మధ్యలో మాట కాస్త నలిగేది కూడా. ఒకసారి హన్నమ్మ అడగాల్సింది అడక్కుండా ఇంకేదో అడిగింది. ఆయన దానికే సమాధానం చెప్పారు. లిడియా ఇంటికొచ్చి తల పట్టుకుంది.

“నేనే అడగనా అమ్మమ్మా ఒక్కసారి?”

“వద్దు. నువ్వు నోరు తెరిస్తే ఆయన నోరు మూస్తాడు. ఈ రెండేళ్ళూ గడవనీ.”

ఇక సాయంత్రాలు వకీళ్ళ అరుగుల మీద శేషగిరిరావుగారి గొప్పలు వినాలి. “రెండేళ్ళుగా పాఠం చెబుతున్నానండీ, ఆ పిల్ల తెల్లగా ఉంటుందో నల్లగా ఉంటుందో ఎరగను. కన్నెత్తి చూస్తే ఒట్టు” అనేవారు. “ఆహా, నిష్ఠంటే మీదండీ” అని వాళ్ళు తలలూపేవారు. ఈ మాట హన్నమ్మ దాకా వచ్చింది.

“చూడకుండా పాఠం చెప్పడం కూడా గొప్పేనా?” అంది. “దానికైతే గోడ చాలదూ!”

1936 వేసవిలో ఫలితాలొచ్చాయి. లిడియా మొదటి తరగతిలో ప్యాసయింది. లాజిక్కులో వచ్చినన్ని మార్కులు ఆమెకు మరే సబ్జెక్టులోనూ రాలేదు. అంతే, కాలేజీలో పండగ మొదలైంది. ఎవరికనుకున్నారు? శేషగిరిరావుగారికి! లాజిక్కులో నూటికి నూరు శాతం ఫలితాలని పేపరు వాళ్ళకు రాసిపంపారు. ఉన్నది ఒక్క పిల్లని మాత్రం రాయలేదు. మేనేజిమెంటు ప్రెసిడెంటు బంగారురాజుగారు తాడేపల్లిగూడెం నుంచి కారు వేసుకుని వస్తున్నారనీ, సన్మానమనీ, ఆ సభలోనే లిడియాకు మెడల్ ఇస్తారనీ ప్రకటించారు.

లిడియాకు మెడల్ ధ్యాస లేదు. వాల్తేరు వెళ్ళి ఫిలాసఫీ చదవాలని ఆ పిల్ల పట్టు. యూనివర్సిటీ వాళ్ళకు లెక్చరరు ఇచ్చిన సర్టిఫికెట్టు కావాలి. సభ నాటి పొద్దున హన్నమ్మ ఒక్కతే ఆయన ఇంటికి వెళ్ళి అరుగు కింద నిలబడింది. ఆయన హుషారుగా ఉన్నారు. ‘ఈమెను రెండేళ్ళుగా బాగా ఎరుగుదును’ అని రాసి సంతకం చేసి, కాగితం ఆమె చేతిలో పడేలా పైనుంచి వదిలారు.

“ఏం రాశారండీ?”

“బాగా ఎరుగుదునని రాశానమ్మా.”

“బాగా ఎరుగుదురాండీ?”

“భలేదానివే! నా శిష్యురాల్ని నేను ఎరక్కపోవడమేమిటి?”

హన్నమ్మ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. మాట తిరిగి అనాలనిపించింది కానీ, వాల్తేరు గుర్తొచ్చి మింగేసింది.

సాయంత్రం కాలేజీ ముందు పందిరి వేశారు. స్టేజీ మీద కుర్చీలు, కింద బల్లలు, ఒక పక్కన ఆడవాళ్ళకు చాపలు. లిడియా తెల్లచీర కట్టుకుని అమ్మమ్మ పక్కన చాప మీద కూర్చుంది. ప్రార్థన పాడటానికి ప్లీడరుగారి అమ్మాయి రత్నకుమారిని పిలిపించారు. పట్టుపరికిణీ, జడకుచ్చులు, వంటినిండా నగలు. ఆ పిల్ల పాడేసి, దిగాలో ఉండాలో తెలియక స్టేజీ మీదే ఒక పక్కగా నిలబడిపోయింది.

శేషగిరిరావుగారి మెడలో దండలు పడ్డాయి. బంగారురాజుగారు ఆయన్ని పొగిడారు, ఆయన తన్ను తాను మరింత పొగుడుకున్నారు. గురుకులాలు, గురుభక్తి, ఆడవాళ్ళ విద్య, అన్నీ అయ్యాయి. చివరికి ప్రిన్సిపాలుగారు లేచి, “ఇప్పుడు గురువుగారు స్వహస్తాలతో తమ శిష్యురాలు లిడియాకు మెడల్ బహూకరిస్తారు” అన్నారు.

లిడియా చాప మీద నుంచి లేవబోయింది. ఈలోగా శేషగిరిరావుగారు మెడల్ అందుకుని, నిండుగా నవ్వుతూ, తిన్నగా రత్నకుమారి దగ్గరికి నడిచారు.

“తీసుకో అమ్మా లిడియా! నా పేరు నిలబెట్టావు” అని ఆ పిల్ల చేతిలో మెడల్ పెట్టి, తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించారు.

సభ చప్పట్లు కొట్టింది. ఎవరికి తెలుసని? కాసేపటికి వెనక బల్లల్లో కుర్రాళ్ళెవరో కిసుక్కుమన్నారు. రత్నకుమారి మెడల్ పట్టుకుని బిక్కమొహం వేసింది.

హన్నమ్మకు ఒళ్ళు భగ్గుమంది. రెండేళ్ళుగా పళ్ళబిగువున దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ‘ఓరి నీ నిష్ఠ మండా’ అనుకుంటూ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. లిడియా ఆమె భుజం పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టింది.

“నువ్వు కూర్చో అమ్మమ్మా. నేను వెళ్తాను.”

ఎవరూ దగ్గలేదు. ఎవరి వెనకాలా కాకుండా లిడియా ఒక్కతే పందిరి మధ్య నుంచి నడిచి, మెట్లెక్కి, ఆయనకెదురుగా నిలబడింది. తల వంచుకోలేదు.

“మాస్టారూ” అంది. గొంతు పెద్దది కాదు గాని అందరికీ వినపడింది. “మీ శిష్యురాలు లిడియా అని చెప్పారండి. లిడియాను నేనండి.”

మూడో మాట చెప్పలేదు. హన్నమ్మకు లాజిక్కు రాకపోయినా, ఆ మూడోది ఆయన ఒప్పుకోక తప్పదని తెలిసిపోయింది.

శేషగిరిరావుగారు ఆ పిల్ల మొహం చూశారు. చూడటం అదే మొదలు. గొంతు వినడమూ రెండేళ్ళకు అప్పుడే. సమాధానం చెప్పాలంటే ఎటు చూడాలో ఆయనకు బాగా అలవాటు. ఆయన కళ్ళు లిడియాను దాటి చాపల వైపు వెతికాయి.

“ఏమమ్మా హన్నమ్మా! ఏమంటోంది?”

హన్నమ్మ నోటిదాకా వచ్చింది, “అదేనండీ లిడియా” అని. రెండేళ్ళ అలవాటాయె మరి. పెదవి బిగించి ఆ మాట ఆపేసుకుంది.

“నన్నడుగుతారేంటండీ?” అంది కూర్చున్నచోటి నుంచే. “ఎదురుగా నిలబడి మాట్లాడుతోందిగా అండీ. దాన్నే అడగండి.”